రోడ్డు ఆగిన చోటు

కెనడా ఉత్తరాదిలోని యెల్లోనైఫ్ నుంచి తూర్పుగా వెళ్లే ఇంగ్రాహం ట్రెయిల్ అనే రోడ్డు దాదాపు 70 కిలోమీటర్లు పోయి టిబ్బిట్ సరస్సు ఒడ్డున ఆగిపోతుంది. అక్కడ ఊరూ లేదు, పెట్రోల్ బంకూ లేదు. దారి అయిపోయింది, అంతే. చలి ముదిరిన ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం ఆ సరస్సే రోడ్డవుతుంది. వజ్రాల గనులకు డీజిల్, సిమెంటు, యంత్ర సామగ్రి మోసుకుంటూ లారీలు గడ్డకట్టిన నీటి మీద మెల్లగా, ఒకదానికొకటి ఎడంగా కదులుతాయి. చక్రాల కింద మంచు సన్నగా మూలుగుతుంది. ఎండ కాస్త ముదరగానే ఆ దారీ ఉండదు.

ఆ ఒడ్డున కారాపి నిలబడ్డప్పుడు చలి సున్నాకి 34 డిగ్రీలు కింద ఉంది. లోపలికి పీల్చిన గాలికి ముక్కులో తడి గడ్డకట్టి గరగరలాడుతోంది. ఎడ్మంటన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అన్నయ్య కొడుకు నన్ను ఇక్కడికి పంపిస్తూ, "అరోరా చూసి వచ్చేయండి బాబాయ్, మూడు రోజులు చాలు" అన్నాడు. తొమ్మిది రోజులు ఉండిపోయాను. ఆకాశంలో ఆడే ఆ రంగుల వెలుగు రెండు రాత్రులు కనిపించింది, కళ్లు నిండాయి. కానీ మిగిలిన రోజులన్నీ నన్ను పట్టి ఉంచింది విమానాల కథ. కెనడా మ్యాపులో ఈ సరస్సుకు పైన ఉన్న తెల్లటి మేర అంతా ఆ కథలోదే. నునావుట్ ప్రాంతంలో 25 ఊళ్లున్నాయి. వాటిలో ఒక్కదానికీ పక్క ఊరికి గానీ దక్షిణాదికి గానీ రోడ్డు లేదు. మందుబిళ్ల, ఉత్తరం, టీచరు, పెళ్లికొడుకు, చివరికి శవం కూడా విమానంలోనే రావాలి, పోవాలి. వేసవిలో సముద్రం కరిగినప్పుడు వచ్చే సరుకుల ఓడ ఒక్కటే దీనికి మినహాయింపు.

యెల్లోనైఫ్‌కి దక్షిణం నుంచి రోడ్డుంది. ఎడ్మంటన్ నుంచి 1,450 కిలోమీటర్ల పైమాటే. ఆ దారికి మెకంజీ నది అడ్డం. 2012లో డే చో వంతెన తెరిచేదాకా వేసవిలో పంటు మీద, చలికాలంలో మంచు మీద దాటేవాళ్లు. మంచు పట్టీపట్టనప్పుడు, విరిగీవిరగనప్పుడు రెండూ కుదిరేవి కావు. ఆ వారాల్లో కూరగాయలు, పాలు విమానం ఎక్కి వచ్చేవి, ధర కూడా వాటితో పాటే పైకి లేచేది. మా గోదావరి లంకల్లో వరద రోజుల్లో పడవ ఆగిపోతే ఏమవుతుందో చూసి పెరిగినవాణ్ని కాబట్టి ఆ మాట నాకు వేరే చెప్పనక్కర్లేకపోయింది.

పట్టణం చిన్నది. 20 వేలమంది ఉంటారు. 1930లలో బంగారం దొరికి పుట్టిన ఊరు. ఆ బంగారం వెతికినవాళ్లలో చాలామంది వచ్చింది విమానంలోనే. పాత బజారులో ఒక రాతిగుట్ట ఉంది, చెక్కమెట్లెక్కి పైకి వెళ్లాలి. దాని నెత్తిన బుష్ పైలట్ల, అంటే దారిలేని మారుమూలలకి చిన్న విమానాలు నడిపినవాళ్ల, స్మారకస్తంభం. ఉత్తరాదిని తెరిచే పనిలో ప్రాణాలు పోగొట్టుకున్న పైలట్లకీ ఇంజినీర్లకీ అది గుర్తు. అక్కడి నుంచి చూస్తే బ్యాక్ బే అనే సరస్సు పాయ మీద చిన్న విమానాలు కాళ్లకి స్కీలు తొడుక్కుని, ఇళ్ల ముందు ఎడ్లబండ్లు నిలిపినట్టు నిలిచి ఉన్నాయి. వేసవి వస్తే అవే విమానాలు స్కీలు విప్పి, తేలే పీపాలు కట్టుకుని నీటి మీద దిగుతాయి. ఇక్కడ సరస్సే రన్‌వే. లక్షల సరస్సులున్న దేశంలో రన్‌వే కట్టే ఖర్చు ప్రకృతే పెట్టుకుంది. విమానం ఇంత లోపలికి చొచ్చుకుపోవడానికి అసలు కారణం ఇదే.

ఈ ప్రాంతానికి మొదటి విమానాలు వచ్చింది 1921లో. అంతకు ముందు ఏడాది నార్మన్ వెల్స్ దగ్గర ఇంపీరియల్ ఆయిల్ కంపెనీకి చమురు తగిలింది. అక్కడికి నది మీద పోవాలంటే వేసవి దాకా ఆగాలి. కంపెనీ రెండు జర్మన్ డిజైన్ యూంకర్స్ విమానాలు కొని, వాటికి విక్, రెనే అని పేర్లు పెట్టి మార్చిలో ఉత్తరానికి పంపింది. ఫోర్ట్ సింప్సన్‌లో దిగేటప్పుడు పైకి గట్టిగా కనిపించిన మంచు పెంకు విరిగి ఒక విమానం ముక్కు నేలకు కొట్టుకుంది. రెక్కపంకా ముక్కలైంది. రెండో విమానాన్ని లేపబోతే దాని పంకా కూడా అలాగే పోయింది. దగ్గర్లో రైలు లేదు. కొత్త పంకా రావాలంటే మంచు కరగాలి, నది కదలాలి, స్టీమరు రావాలి.

విలియం హిల్ అనే మెకానిక్కూ, ఆ ఊళ్లో హడ్సన్స్ బే కంపెనీ వడ్రంగి వాల్టర్ జాన్సనూ కలిసి పంకా చేద్దామన్నారు. బళ్లకి వాడే ఓక్ పలకలు దొరికాయి. జిగురు లేదు. మూస్ అనే పెద్ద దుప్పి తోలు ఉడకబెట్టి జిగురు కాచారు. విరిగిన ముక్కలు పక్కన పెట్టుకుని, పలకలు పొరలు పొరలుగా అంటించి, వంపు చూసుకుంటూ చెక్కారు. ఏప్రిల్‌లో ఆ పంకాతోనే విమానం లేచింది, క్షేమంగా తిరిగి దక్షిణానికి చేరింది.

ఉత్తరాది విమానయానానికి పునాది ఏదంటే నేను ఈ పంకానే చూపిస్తాను. ఈ కథలో పైలట్‌కి ఎంత చోటుందో వడ్రంగికీ అంతే ఉంది. ఆ జిగురు కాచే విద్య ఈ నేలది, ఈ నేల మీద వేటాడి బతికినవాళ్లది. ఉత్తరాదిలో ఆ తర్వాత నిలదొక్కుకున్న ప్రతి కంపెనీ ఊరివాళ్ల చేతి పనితోనే నిలదొక్కుకుంది.

1926లో విన్నిపెగ్‌లో ధాన్యం వ్యాపారం చేసే జేమ్స్ రిచర్డ్‌సన్ వెస్టర్న్ కెనడా ఎయిర్‌వేస్ పెట్టాడు. గనుల వెతుకులాటకి మనుషుల్నీ సరుకునీ మోయడమే దాని పని. టైంటేబుల్ లేదు, టికెట్ కౌంటర్ లేదు. ఎవరు పిలిస్తే వాళ్ల పనికి, ఎంత దూరమైతే అంత కిరాయికి. చార్టర్ అనే మాటకి అసలు అర్థం అదే. ఈ కంపెనీ పైలట్ పంచ్ డికిన్స్ 1929లో మెకంజీ నది వెంట ఆర్కిటిక్ తీరం దాకా ఎగిరాడు. కుక్కబండ్ల మీద వారాలు పట్టే దారిలో టపా రోజుల్లో చేరడం అప్పుడే మొదలైంది.

అదే 1929 జనవరిలో వాప్ మే అనే పైలట్ చేసిన ప్రయాణం సంగతి ఈ దేశంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. లిటిల్ రెడ్ రివర్ అనే మారుమూల చోట డిఫ్తీరియా పుట్టింది. డాక్టరు రాసిన చీటీ గుర్రపు బండి మీద, మంచులో రోజుల తరబడి ప్రయాణం చేసి, తంతి ఉన్న ఊరికి చేరి, అక్కడి నుంచి ఎడ్మంటన్‌కి అందింది. మందు పంపాలి. ఉన్నది పైకప్పు లేని రెండు సీట్ల ఏవ్రో ఏవియన్. వాప్ మే, విక్ హార్నర్ అందులో కూర్చున్నారు. మందు గడ్డకట్టకుండా దుప్పట్లో చుట్టి, పక్కన బొగ్గుల కుంపటి లాంటిది పెట్టుకున్నారు. మనుషులకి ఆ వేడి కూడా లేదు. రెండు రోజుల్లో ఫోర్ట్ వెర్మిలియన్‌లో మందు దించారు. తిరిగి వచ్చాక ఎడ్మంటన్‌లో వేలమంది ఎదురొచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 'ఎర్ర బారన్' రిక్తోఫెన్ తన చివరి రోజున తరిమింది ఈ మేనే. ఆ రోజు బతికి బయటపడ్డ మనిషి పదేళ్ల తర్వాత ఇలా పనికొచ్చాడు.

పాత బజారులో కాఫీ తాగుతుంటే ఒక పెద్దాయన పరిచయమయ్యారు. విమానం మెకానిక్‌గా నలభై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. వేళ్ల చివర్లు రెండు నల్లబడి మొద్దుబారి ఉన్నాయి. నేను చూడటం గమనించి, "చలికి" అన్నారు, ఇంకేం చెప్పలేదు. పని గురించి అడిగితే మాత్రం గంటసేపు చెప్పారు.

"సాయంత్రం దిగగానే మా మొదటి పని ఇంజిన్‌లో ఆయిల్ డబ్బాల్లోకి వంపేయడం. వంపకపోతే పొద్దున్నకి తారు ముద్ద అయిపోతుంది. ఆ డబ్బాలు గుడారంలోనో క్యాబిన్‌లోనో పొయ్యి పక్కన పెట్టుకుని పడుకునేవాళ్లం. తెల్లారుజామున లేచి ఇంజిన్ మీద కాన్వాస్ గుడారం కప్పి, దాని కింద పంపుపొయ్యి వెలిగించి గంటో గంటన్నరో వెచ్చబెట్టాలి. పెట్రోల్ వాసన వచ్చే చోట మంట అది. అక్కడి నుంచి కళ్లు తిప్పడానికి లేదు. ఇంజిన్ వెచ్చబడ్డాక కాచిన ఆయిల్ పోసి, అది మళ్లీ చల్లబడేలోపు స్టార్ట్ చేయాలి. అవకపోతే మళ్లీ ఆయిల్ వంపు, మళ్లీ కాచు."

"స్కీలో?" అన్నాను.

"దిగినప్పుడు రాపిడికి వేడెక్కి కింద మంచు కాస్త కరుగుతుంది. ఆపి వదిలేస్తే పది నిమిషాల్లో అంటుకుపోతాయి. అందుకని దుంగలో, స్ప్రూస్ కొమ్మలో పరిచి వాటి మీదికి ఎక్కించి ఆపాలి. మర్చిపోయారంటే పొద్దున్నే తోకపట్టుకుని ఊపాల్సిందే."

ఇప్పుడు కరెంటు హీటర్లు, ఇంజిన్ దుప్పట్లు వచ్చాయి. అయినా ఆయన మాటల్లో నాకు తెలిసింది ఒకటుంది. ఇక్కడ విమానం నడపడంలో గాల్లో ఉండే సమయం తక్కువ, నేల మీద దాన్ని బతికించుకునే సమయం ఎక్కువ. కిరాయి రేటు కట్టేటప్పుడు ఎవరికీ కనపడనిది ఆ రెండో సమయమే.

ఈ కష్టాలు తెలిసినవాళ్లే తర్వాత విమానాలకి రూపం ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక డి హావిలాండ్ కెనడా కంపెనీలో చేరిన పంచ్ డికిన్స్, మీకు ఎలాంటి విమానం కావాలని పైలట్లను అడిగి తెలుసుకున్నాడు. 1947లో ఎగిరిన బీవర్ ఆ జవాబుల్లోంచి పుట్టింది. పెట్రోల్ పీపా దొర్లించడానికి తగినంత వెడల్పు తలుపు, పొట్టి చోట్లో లేచే రెక్క, చక్రాలైనా స్కీలైనా నీటిపీపాలైనా తగిలించుకునే కాళ్లు. దాని వెనకే 1951లో ఆటర్, 1965లో ట్విన్ ఆటర్. ఇవి ఇప్పటికీ లోకమంతా తిరుగుతున్నాయి.

విమానాశ్రయం పక్కన రోడ్డు వెంట స్తంభాల మీద ఎత్తిపెట్టిన ఒక లావాటి పాత విమానం ఉంటుంది. బ్రిస్టల్ ఫ్రైటర్. 1967లో డాన్ బ్రాన్ అనే పైలట్ దీన్ని ఉత్తర ధ్రువం దగ్గర మంచు మీద దించాడు. స్కీలు లేకుండా చక్రాలతో అక్కడ దిగిన మొదటి విమానం ఇదే. దాని పొట్ట మీద వార్డ్‌ఎయిర్ అని రాసి ఉంటుంది. కెనడా చార్టర్ విమానాల చరిత్ర సగం ఆ ఒక్క పేరులో ఉంది.

మాక్స్ వార్డ్ ఎడ్మంటన్‌లో 1921లో పుట్టాడు. యుద్ధంలో పైలట్లకి శిక్షణ ఇచ్చాడు. 1946లో చిన్న ఫాక్స్ మాత్ విమానం ఒకటి సంపాదించుకుని యెల్లోనైఫ్ వచ్చి పొలారిస్ చార్టర్ కంపెనీ పెట్టాడు. పైలట్, గుమాస్తా, హమాలీ అన్నీ తనే. లైసెన్సు చిక్కులొచ్చాయి, భాగస్వామితో కలిసి చేసిన వ్యాపారం నిలవలేదు, కొంతకాలం దక్షిణాన ఇళ్లు కట్టే పనిలో పడ్డాడు. 1953లో మళ్లీ వచ్చాడు. ఈసారి అప్పు చేసి కొత్త ఆటర్ కొన్నాడు. ఒకే ఇంజిన్‌తో టన్ను దాకా సరుకు మోసే విమానం ఇక్కడ అప్పటికి వేరే లేదు. గనులకి అదే కావాలి. వార్డ్‌ఎయిర్ నిలబడింది.

1960లలో అతను చూపు దక్షిణానికి తిప్పాడు. కెనడా నుంచి యూరప్‌లో ఉన్న చుట్టాల్ని చూడాలనుకునే మధ్యతరగతి మనుషులకి మామూలు కంపెనీల టికెట్టు అందేది కాదు. వార్డ్ మొదట డీసీ-6 తోనూ, 1966 నుంచి బోయింగ్ 727 తోనూ చార్టర్లు నడిపాడు. కెనడాలో 727 కొన్న మొదటి కంపెనీ అదే. ప్రభుత్వం మాత్రం పెద్ద కంపెనీల వ్యాపారం దెబ్బతినకుండా ఒక నిబంధన పెట్టింది. చార్టర్‌లో ఎక్కాలంటే ఏదో ఒక సంఘంలో కనీసం ఆరు నెలలుగా సభ్యుడై ఉండాలి, ఆ సంఘం ప్రయాణాల కోసం పుట్టింది కాకూడదు. అధికారులు విమానాశ్రయంలో నిలబడి, నువ్వు ఏ సంఘం, ఎప్పుడు చేరావని ముసలమ్మల్ని కూడా నిలదీశారు. తప్పు నిబంధన అది. జనాన్ని అబద్ధాలాడేలా చేసి, నిజం చెప్పినవాణ్ని దించేసింది. ముందుగా బుక్ చేసుకుంటే చాలు, ఎవరైనా చార్టర్ ఎక్కొచ్చనే పద్ధతి 1970లలో గానీ రాలేదు.

వార్డ్ తన ప్రయాణికుల్ని చౌక టికెట్టు వాళ్లుగా చూడలేదు. అందరికీ ఒకే తరగతి, రాయల్ డౌల్టన్ పింగాణీ పళ్లాల్లో భోజనం. 707లకి పంచ్ డికిన్స్, వాప్ మే పేర్లు పెట్టాడు. జంబో విమానాల మీద కూడా ఈ మంచు తరం పేర్లే. లండన్‌లో, హవాయిలో దిగే విమానం ముక్కు మీద, కుంపటి పక్కన పెట్టుకుని మందు మోసిన మనిషి పేరు ఉండేది.

1986లో వార్డ్‌ఎయిర్ దేశంలో రోజువారీ రూట్లలోకి దిగింది. కొత్త ఎయిర్‌బస్సుల మీద భారీ అప్పులు, పెద్ద కంపెనీలతో ధరల పోటీ. మూడేళ్లలో ఊపిరాడని స్థితి వచ్చింది. 1989లో కెనడియన్ ఎయిర్‌లైన్స్ యజమాని పీడబ్ల్యూఏ దాన్ని సుమారు 25 కోట్ల డాలర్లకి కొనేసింది. మాక్స్ వార్డ్ 2020లో 98 ఏళ్ల వయసులో చనిపోయాడు. పిలిస్తే వెళ్లే విమానాన్ని అతనిలా నడిపినవాడు లేడని నా నమ్మకం. టైంటేబుల్ బరువే అతన్ని కుంగదీసింది.

మిగిలిన ప్రాంతీయ కంపెనీల కథ కూడా చివరికి ఆ ఏరులోనే కలుస్తుంది. 1966లో ప్రభుత్వం ఐదు కంపెనీలకి దేశాన్ని పంచినట్టు ప్రాంతాలు అప్పగించింది: పసిఫిక్ వెస్టర్న్, ట్రాన్స్‌ఎయిర్, నోర్డ్‌ఎయిర్, క్యూబెక్‌ఎయిర్, ఈస్టర్న్ ప్రావిన్షియల్. ఇరవై పాతికేళ్లలో ఐదు పేర్లూ చెరిగిపోయాయి. పసిఫిక్ వెస్టర్న్ (పైన చెప్పిన పీడబ్ల్యూఏ ఇదే) 1987లో సీపీ ఎయిర్ అనే కంపెనీని మింగి కెనడియన్ ఎయిర్‌లైన్స్‌గా మారింది, దాన్ని 2000లో ఎయిర్ కెనడా మింగింది.

అయినా ఉత్తరాది విమానాలు ఆగలేదు. ఎందుకని అడిగితే దొరికిన జవాబు నాకు ఈ యాత్రలో అన్నిటికంటే విలువైనది. 1975లో ఉత్తర క్యూబెక్ ఇన్యూట్‌లు జేమ్స్ బే జలవిద్యుత్తు ప్రాజెక్టు కోసం ప్రభుత్వంతో భూమి ఒప్పందం చేసుకున్నారు. పరిహారపు సొమ్మును చూసుకోవడానికి మకివిక్ అనే సంస్థ పెట్టుకున్నారు. ఆ సంస్థ తొలినాళ్లలో చేసిన పనుల్లో ఒకటి, 1978లో ఎయిర్ ఇన్యూట్ ప్రారంభించడం. 1990లో ఫస్ట్ ఎయిర్ అనే కంపెనీని కూడా కొన్నారు. పశ్చిమాన ఇనువియాలుయిట్ జనం కెనడియన్ నార్త్ అనే విమాన కంపెనీలో వాటా తీసుకుని తర్వాత పూర్తిగా తమదే చేసుకున్నారు. యూకాన్‌లో ఎయిర్ నార్త్‌లో 49 శాతం వుంటుట్ గ్విచిన్ జనానిది. వాళ్ల ఊరు ఓల్డ్ క్రోకి రోడ్డు లేదు. భూమికి బదులు వచ్చిన సొమ్ముతో దారి కొనుక్కున్నారు వీళ్లంతా. పరిహారపు సొమ్ము ఇంతకంటే తెలివిగా ఖర్చుపెట్టిన చోటు నాకు తెలియదు. తన ఊరి దారి తన చేతిలో ఉన్నవాడు, లాభం లేదని ఆ ఊరికి విమానం ఆపడు.

ఫస్ట్ ఎయిర్, కెనడియన్ నార్త్ 2019లో ఒకటయ్యాయి. 2025లో ఆ కలిసిన కంపెనీని విన్నిపెగ్‌కి చెందిన ఎక్స్ఛేంజ్ ఇన్‌కమ్ కార్పొరేషన్ కొనుక్కుంది. ఆ సంస్థకి ఉత్తరాదిలో విమానాలు నడిపిన అనుభవం ఉంది, నిజమే. కానీ యాజమాన్యం ఊళ్ల చేతిలోంచి దాటిపోయింది. నాకు ఇది మంచిగా అనిపించలేదు.

ఆరో రోజున లుట్సెల్కే అనే డెనే జనం ఊరికి వెళ్లాను. గ్రేట్ స్లేవ్ సరస్సు తూర్పు పాయ ఒడ్డున దాదాపు 300 మంది ఉండే ఊరు. ఏడాది పొడవునా తిరిగే రోడ్డు లేదు. మంచుపొగ వల్ల ముందురోజు విమానం కదల్లేదు, అందరూ ఏమీ అనకుండా ఇళ్లకి వెళ్లి మర్నాడు మళ్లీ వచ్చారు. మాది ఒకే ఇంజిన్ ఉన్న కారవాన్ అనే చిన్న విమానం. ఎక్కేముందు మా పెట్టెల్నీ మమ్మల్నీ తూకం వేశారు. సీట్లు కొన్ని తీసేసి సగం సరుకు నింపారు: గుడ్ల అట్టలు, పిల్లల డైపర్లు, కూల్‌డ్రింకుల కేసులు, స్నోమొబైల్‌కి కావలసిన బెల్టు ఒకటి, టపా సంచి. పెద్ద విమానాల్లో కూడా ఇక్కడ ఇదే పద్ధతి. ఉత్తరాదిలో దశాబ్దాలు తిరిగిన 737-200 రకానికి ముందు సగం సరుకు, వెనక సగం మనుషులు. గులకరాళ్ల రన్‌వే మీద రాళ్లెగిరి తగలకుండా ముందు చక్రానికి రేకు, ఇంజిన్ల ముందు గాలి చిమ్మే గొట్టాలు.

నా పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చున్నారు. యెల్లోనైఫ్ ఆసుపత్రిలో కంటి పరీక్ష చేయించుకుని ఇంటికి వెళ్తున్నారు. నలుగురు పిల్లల్ని కన్నానని, కడపటి ఇద్దరి కోసం నెలలు నిండకముందే ఊరు వదిలి పట్టణంలో కాన్పు దాకా ఎదురుచూడాల్సి వచ్చిందని చెప్పారు. ఇప్పటికీ గర్భిణులది అదే దారి.

"అప్పుడు ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరు చూసుకున్నారమ్మా?" అని అడిగాను.

"మా అక్క. వాళ్లకి రోజూ చెప్పేదట, విమానం శబ్దం వినపడితే అమ్మ వస్తున్నట్టే అని. దాంతో ఏ విమానం వచ్చినా ఒడ్డుకి పరిగెత్తేవాళ్లు."

కింద సరస్సు తెల్లగా, మధ్యమధ్య నీలిరంగు పగుళ్లతో కనిపించింది. ఉత్తర అమెరికాలో ఇంతకంటే లోతైన సరస్సు లేదు, 614 మీటర్లు. దాని మీద మా విమానం నీడ చిన్న ఈగలా పాకుతోంది. ముప్పావు గంటలో దిగాం. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారేమో అనిపించింది. ట్రక్కులు, స్నోమొబైళ్లు, వాటి వెనక చెక్క స్లెడ్జీలు. మా వైపు సంతరోజున జీపు ఆగినప్పుడు ఉండే సందడే. పైలట్ కుర్రాడు తనే దిగి గుడ్ల అట్టలు జాగ్రత్తగా ఒక్కొక్కటీ అందించాడు. స్నోమొబైల్ బెల్టు అందుకున్న మనిషి దాన్ని జాకెట్ లోపల పెట్టుకుని వెంటనే వెళ్లిపోయాడు. పెద్దావిడ కోసం మనవరాలు వచ్చింది. ఇంజిన్ చల్లబడకూడదు కాబట్టి ఇరవై నిమిషాల్లో విమానం మళ్లీ లేచింది. నేను రెండు రాత్రులు ఆ ఊళ్లో ఉండి తర్వాతి విమానంలో వెనక్కి వచ్చాను. ఆ రెండు రోజులూ ఇంకో విమానం రాలేదు.

యెల్లోనైఫ్‌కి తిరిగి వచ్చాక ఆ మెకానిక్‌గారిని మళ్లీ కలిశాను. 2023 ఆగస్టు గురించి చెప్పారు. అడవి మంటలు పట్టణానికి దగ్గరపడి, దాదాపు 20 వేలమందిని ఊరు ఖాళీ చేయమన్న రోజులు. ఉన్నది ఒకే రోడ్డు, అదీ మంటల పక్క నుంచి. కారు లేనివాళ్లు, రోగులు, ముసలివాళ్లు విమానాశ్రయం దారి పట్టారు. పెద్దవీ చిన్నవీ, సైన్యానివీ, ఈ ఊరి కంపెనీలవీ వరసగా లేచాయి. మూడు వారాలకి జనం తిరిగొచ్చారు. "ఆ వారం మాకు ఎవరూ థాంక్స్ చెప్పక్కర్లేదు. మందు మోసిన రోజు నుంచి మా పని అదే" అన్నారు.

టొరంటో నుంచి, ఎడ్మంటన్ నుంచి తెలుగువాళ్లు చాలామంది అరోరా కోసం యెల్లోనైఫ్ వెళ్తున్నారు. రాత్రంతా ఆకాశం చూసి, పగలు హోటల్లో పడుకుని వచ్చేస్తారు. ఒక్క పగలు మేల్కొని ఉండండి. పాత బజారులో గుట్ట మెట్లెక్కి స్తంభం దగ్గర నిలబడండి, విమానాశ్రయం పక్కనున్న బ్రిస్టల్ ఫ్రైటర్ చూడండి. వీలుంటే రోడ్డు లేని ఒక ఊరికి చిన్న విమానంలో వెళ్లి రండి. వెళ్లేముందు ఆ ఊరివాళ్లకి ఏం కావాలో ఫోన్ చేసి అడగండి, బరువులో చోటు మిగిలితే పట్టుకెళ్లండి.